ఇరుగుపొరుగువారి నిద్ర చెడకుండ కోడిపుంజును పెంచు విధము

పూర్వము పల్లెలలో కోడికూతను గూర్చి తగవులు అరుదు. ఇంటింటను కోళ్లుండెను, ఇంటింటివారును కోడి కూయువేళకే లేచి పశువులకు మేత వేయుటకో, మోట తోలుటకో, నాగలి గట్టుటకో పోవుచుండిరి. తొలికోడి, మలికోడి యనునవే వారికి గడియారములు. ఇప్పుడు ఊళ్లు పట్టణములలో గలిసిపోవుచున్నవి. ఇండ్లు గోడకు గోడ ఆనుకొని లేచినవి. రాత్రిపనికి పోయి తెల్లవారుజామున వచ్చి పండుకొనువారును, రోగులును, పసిపిల్లల తల్లులును అదే వాడలో నున్నారు. వారికి పుంజు కూత నిద్రాభంగము. ఒకటి రెండు మాసము లోర్చుకొందురు. పిమ్మట మాట వచ్చును. మాట ముదిరినచో పంచాయతీ దాకనో, పోలీసు ఠాణా దాకనో పోవును.

ఇట్టి తగవులలో నష్టపడునది సాధారణముగా నాలుగు పెట్టలతో కాలక్షేపము చేయు బీదకుటుంబమే. పొరుగువాడు కోరినది పుంజును తీసివేయుమని మాత్రమే. కాని యింటివారు కోపముచేతనో, పుంజు లేనిచో పెట్టలు గుడ్లు పెట్టవను నమ్మకముచేతనో, అన్నింటిని ఒకే గంపలో వేసి సంతకు దోలుదురు. ఆ మరునాటినుండి పిల్లల కంచములో గుడ్డు ఉండదు. ఈ నష్టము చాలవఱకు అనవసరమైనది.

మొదటనే ఒక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. పుంజును బాధింపక పూర్తిగా మూగదానిని చేయు ఉపాయ మేదియు లేదు. ఎవరైన ఉన్నదని చెప్పినచో నమ్మరాదు. అయితే కూతల సంఖ్యను తగ్గింపవచ్చును. తెల్లవారుజామున కూయుదానిని కొంత ఆలస్యము చేయవచ్చును. పొరుగువాని చెవికి చేరు ధ్వనిని పలుచన చేయవచ్చును. వీటన్నిటికంటె ముందుగా, ఆ యింటికి పుంజు అక్కరయా, అక్కరయైనచో సంవత్సరములో నెన్ని దినములు అక్కర, అని లెక్క చూచుకొనవలెను.

పుంజు లేక గుడ్లు పెట్టునా?

పెట్టును. పెట్ట గుడ్డు పెట్టుట దాని శరీరధర్మము. మేత, నీరు, వయస్సు, వెలుతురు, ఆరోగ్యము అను వాటిని బట్టి గుడ్లు పెరుగుట తరుగుట ఉండునుగాని పుంజును బట్టి కాదు. దినమునకు 14 మొదలు 16 గంటల వెలుతురును, తగిన మాంసకృత్తులు గల మేతయు, పెంకు కొఱకు నత్తగుల్లల పొడియో సున్నపు అంశము గల మఱియొకటియో ఉన్నచో పుంజు మొగము ఎన్నడును చూడని పెట్టయు గుడ్లు పెట్టుచునే యుండును. బజారులో అమ్ముటకై వేలకొలది పెట్టలను ఉంచు పెద్ద కోళ్లఫారములలో ఒక్క పుంజును ఉండదు. వాటి గుడ్లనే పట్టణముల వారు దినదినమును కొనుచున్నారు.

అంతేగాక వేసవిలో పుంజు ఉండుట నష్టకరము. పుంజు కలిసిన గుడ్డులో పిండము జీవముతో నుండును. ఉష్ణత సుమారు 20 లేక 21 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచో ఆ పిండము పెట్ట పొదుగకున్నను మెల్లమెల్లగా కదలనారంభించును. చైత్ర వైశాఖములలో తెలుగుదేశమున ఇంటిలోని నీడకూడ దానికి పొదుగువేడి వంటిదే. అట్టి గుడ్డు నాలుగు దినములలో లోపల నెత్తుటి చాఱలు కట్టి చెడును; కొన్నవాడు దానిని పగులగొట్టి, మఱల ఆ యింటి గుడ్డు ముట్టడు. పుంజు కలియని గుడ్డులో పెరుగుటకు ఏమియు లేదు గనుక అదే యెండలోనైనను అంతకంటె ఎక్కువ దినములు నిలుచును. గుడ్లను తినుటకును అమ్ముటకును మాత్రమే కోళ్లు పెంచువారు పుంజును తీసివేసినచో పొరుగువారి నిద్రయు దక్కును, గుడ్డుయు దక్కును.

పుంజును వేరు చేసిన తోడనే గుడ్లు మారవు. పెట్ట శరీరములో పుంజు బీజము రెండు వారముల వఱకు, ఒకప్పుడు మూడు వారముల వఱకును నిలిచి యుండును. మూడు వారములు గడచిన పిమ్మట పెట్టిన గుడ్లను నిశ్చయముగా పుంజు కలియని గుడ్లని యెంచవచ్చును.

పిల్లలు చేయించుటకు పుంజు వలయుకాలము

ఇక పిల్లలు కావలసినవారి సంగతి. నాటుపెట్ట ఏటికి 60 మొదలు 80 గుడ్లు పెట్టును. ఒక విడతలో పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును. ఎండలు ముదిరిన పిమ్మట పొదిగించినచో గుడ్లు చెడుటయు, పిల్లలు చచ్చుటయు ఎక్కువ. కావున వానలు వెనుకబట్టినప్పటినుండి ఫాల్గునము వఱకు పొదిగించుట మేలు. ఒక విడత గుడ్ల కొఱకు పుంజు పెట్టలతో నుండవలసిన కాల మెంతయని చూచినచో ఆశ్చర్యము కలుగును. పుంజును విడిచిన వారము దినములకు గుడ్లను ఏరుట మొదలుపెట్టవలెను. మఱి వారము పది దినములలో పొదుగుటకు చాలినన్ని గుడ్లు చేరును. అనగా మూడు వారములలోపల పుంజు పని ముగియును. పిమ్మట 21 దినములు పొదుగువేళ పుంజుతో పనిలేదు. పిల్లలను తిప్పునది తల్లియే. ఈ మూడు వారముల పని కొఱకు పుంజును మూడువందల అరువది దినములు ఇంటియొద్ద కూయనిచ్చుట ఏమి లాభము?

నాటుకోళ్లలో ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. కావున ఇంటికొక పుంజు ఎక్కడను అవసరము కాదు. ఒక చిన్న వాడకంతటికిని ఒకటి రెండు చాలును. అవి ఊరి చివర ఇల్లుగలవాని యొద్దనో, తోటలో కాపురమున్నవాని యొద్దనో ఉండుట అందఱికిని సుఖము.

అయితే పుంజును ఇంటింటికి త్రిప్పు ఆచారము మంచిది కాదు. కొక్కెర తెగులు, అమ్మవారు, పేలు, పురుగులు ఇవన్నియు పుంజుతోపాటు ఒక పెరటినుండి మఱియొక పెరటికి నడచిపోవును. పుంజును తెచ్చుటకంటె గుడ్లను తెచ్చుట మేలు. మంచి పుంజు గల యింటినుండి వారము దాటని గుడ్లను, పగుళ్లును మాలిన్యమును లేనివాటిని, ఊక పోసిన బుట్టలో సన్ననికొన క్రిందుగా నుంచి తెచ్చుకొని, ఒక పూట కదలింపక యుంచి, పిమ్మట పొదుగుడుపెట్ట క్రింద పెట్టవలెను. ఏడవ నాటి రాత్రి చీకటిగదిలో గుడ్డు వెనుక దీపమునుంచి చూచినచో పిండము గల గుడ్డులో ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కనబడును. ఏమియు కనబడక తేటగా నున్న గుడ్లను తీసివేయవచ్చును. గుడ్లు కూయవు. పొరుగువానికి ఈ సంగతియే తెలియదు.

తరువాత తెలియును. పొదిగిన పిల్లలలో ఇంచుమించు సగము పుంజులే యగును. ఒక పుంజును వదిలించుకొనుటకు పొదిగించినవాడు అయిదు పుంజులకు యజమానుడగుట తఱచుగా చూడదగినదే. ఎనిమిది వారములు నిండునప్పటికి మగపిల్ల తురాయి ఆడపిల్లదానికంటె పెద్దదై ఎఱ్ఱబడును. మూడవ మాసమున మెడమీది యీకలును తోకమొదటి యీకలును సన్నముగా కొనదేలును. ఆ గుఱుతులను చూచియే వాటికి గడువు నిర్ణయింపవలెను. తొలికూత నాలుగైదు మాసములకు వచ్చుట సాధారణము. కొన్ని అంతకుముందే గొంతు చీరినట్లు ఒక బొంగురు కూత కూసి చూచును. నాటుపుంజు కోతకు తగిన బరువు ఎక్కునది ఇంచుమించు అప్పుడే. దూరప్రాంతపు సంతదాక కాచుకొని కూర్చుండక, కూత కుదురుకొనకముందే అమ్ముట యుక్తము.

పుంజును తప్పక ఉంచుకొనదగిన యిండ్లును కలవు. పెట్టలను పగలంతయు బయట తిరుగనిచ్చువారికి పుంజు కావలి. డేగ నీడ నేలపై బడగనే అది వేయు కేక విని పెట్టలును పిల్లలును పొదలలో దూరును. పిల్లి, ముంగిస వచ్చినపుడును అంతే. మేత దొరికినచోట పెట్టలను పిలుచునదియు అదే. ఇట్టివారు పుంజును ఉంచుకొనుట న్యాయమే. క్రింది సంగతులు ముఖ్యముగా వారి కొఱకు.

పుంజు ఎందుకు కూయును?

సూర్యుని చూచి కూయునని లోకమందలి నమ్మకము. అది సగము నిజము. జపానుదేశమున నగోయా విశ్వవిద్యాలయమునందు 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో పుంజులను ఎడతెగని మసకవెలుతురులో నుంచి చూచిరి. వెలుగు మారకున్నను, గది బయట పగలో రాత్రియో తెలియకున్నను, అవి ఇంచుమించు దినమునకు ఒక పర్యాయము తమ తెల్లవారుజామున కూసినవి. అనగా పుంజు శరీరములోనే ఒక గడియార మున్నది. మామూలు దినములలో వెలుగు రాకముందు సుమారు రెండు గంటలకు ఆ గడియారము దానిని లేపును. అదిగాక వెలుతురు తగిలినను, వేఱొక పుంజు కూత వినబడినను కూయును. అయితే ఆ ప్రేరణకు అది లోబడుట తెల్లవారుజామునే ఎక్కువ.

అర్ధరాత్రి కూత అపశకునమని కొందఱు పుంజును కోయుదురు. దొంగకూత విని గౌతముడు తెల్లవారినదని యేటికి పోయిన కథ అందఱు నెఱిగినదే. నిజమునకు అకాలపు కూతకు కారణము చాలవఱకు గూటిలో బడిన దీపపు వెలుతురు, వీధిలో పోవు బండి దీపము, గూటి చుట్టు తిరుగు పిల్లి. కోయకముందు గూటికి పరదా కట్టి చూచుట మేలు.

అదే విశ్వవిద్యాలయమువారు 2015లో మఱియొక విషయమును వెల్లడించిరి. కలిసియుండు పుంజులలో పెద్దరిక మున్నది. పోరాడి నిర్ణయించుకొనిన వరుస అది. తెల్లవారుజామున ముందు కూయునది ఆ వరుసలో మొదటిది. పిమ్మట రెండవది, ఆ పిమ్మట మూడవది. మొదటిదానిని తీసివేసినచో ఆ దినము కూత ఆగలేదు. రెండవది మొదటిదాని చోటున నిలిచి కూత ప్రారంభించినది. ఇల్లంతటిలో గట్టిగా కూయు పుంజును అమ్మివేసి, నిద్రపట్టునని యెదురుచూచి, మరునాడు మఱియొక గొంతు విని తెల్లబోవువారికి కారణ మిదే. తన కోడియు తన కుంపటియు లేనిదే ఊరికి తెల్లవారదనుకొనిన ముసలమ్మ సామెత పుంజులకును చెల్లదు.

దీనివలన తెలియునదేమనగా, పుంజుల సంఖ్య తగ్గినకొలది బదులుకూతలు తగ్గును. ఒంటిపుంజు కూసి ఊరకుండును. రెండున్నచో ఒకదానికొకటి జవాబు చెప్పుకొనును. సంక్రాంతి పందెముల కొఱకు పుంజులను వరుసగా కాలికి త్రాడుగట్టి పెంచువారి పెరడు తెల్లవారుజామున ఎట్లుండునో ఆ వాడవారి నడిగిన చెప్పుదురు. ఆ పందెములు 1960 నాటి జంతుహింస నివారణ చట్టమునకు విరుద్ధములు. ఆ పెరటి మ్రోతకు ఈ పత్రములో చికిత్స లేదు.

ఏ పుంజును ఉంచుకొనవలెను?

కూత పొడవును గొంతును తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. జపానువారు తోటెంకో, కోయెయోషి, తోమరు అను మూడు జాతులను దీర్ఘమైన కూత కొఱకే తరతరములుగా ఏరి పెంచిరి; తుర్కీదేశపు డెనిజ్లి పుంజును అట్టిదే. పొడవైన కూతను ఏరి పెంచుట సాధ్యమైనపుడు పొట్టి కూతను ఏరుకొనుటయు సాధ్యమే. అయితే దీనికి జాతిపేరును మాత్రము నమ్ముకొనరాదు. అసీలు కానిండు, కాళహస్తి, ఘాగసు కోళ్లు కానిండు, ఒకే జాతిలో గొంతు పెద్దదియు చిన్నదియు పుట్టును. డేగ, కాకి, నెమలి, సేతువ యని పందెగాండ్రు చెప్పు రంగులకును గొంతునకును సంబంధము లేదు.

చేయవలసినది సులభము. ఒక ఈతలోని మగపిల్లలలో మూడు నాలుగింటిని కూత కుదురుకొనువఱకు ఉంచి, ఒక వారము తెల్లవారుజామున చెవియొగ్గి వినవలెను. తక్కువసారులు కూయుదానిని, కూతను త్వరగా తెగగొట్టుదానిని, నెమ్మదియైన నడత గలదానిని నిలుపుకొని తక్కినవాటిని అమ్మవలెను. మనిషిమీదికి ఎగురు పుంజు కూత చిన్నదైనను దానిని ఉంచరాదు. పసిపిల్లల కన్నులకు ప్రమాదము. చిన్నశరీరపు పొట్టికోళ్ల కూత సన్నగా కీచుమనును గాని పెద్దపుంజు కూతవలె దూరము పోదు. ఇట్లు ఏరిన పుంజు సంతతినే మరుసటియేడును ఏరినచో నాలుగైదు తరములకు ఆ యింటి కోళ్ల గొంతు మారును. పెట్టనుగూడ చూడవలెను, అది కూయకున్నను తన తండ్రి గొంతును కొడుకునకు అందించును.

గూడు, గోడ, దూరము

పుంజు ప్రక్కన నిలిచి, అనగా ఒక మీటరు దూరమున, కొలిచినచో కూత సుమారు 100 డెసిబెల్లుండును. పుంజు చెవియొద్దనే అది ఇంకను చాల హెచ్చు. బెల్జియందేశపు శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన దానినిబట్టి, పుంజు నోరు పూర్తిగా తెఱచినపుడు దాని చెవిరంధ్రము మూసికొనిపోయి దాని కూత దానికే చెవుడు తేకుండ కాపాడును. పొరుగువాని చెవికి అట్టి తలుపు లేదు.

బయలున దూరము రెట్టింపైనపుడెల్ల ధ్వని 6 డెసిబెల్లు తగ్గును. ఈ లెక్కన 100 ఉన్న కూత రెండు మీటర్లకు 94, నాలుగింటికి 88, ఎనిమిదింటికి 82, పదునాఱింటికి 76, ముప్పదిరెండింటికి 70 అగును. భారతప్రభుత్వము 2000లో చేసిన ధ్వనికాలుష్య నియమములలో నివాసప్రదేశములకు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు 45 డెసిబెల్లును, పగలు 55 డెసిబెల్లును మితముగా నిర్ణయించిరి. అది సగటు ధ్వనికి చెప్పిన మితము; రెండు క్షణముల కూతను దానితో నేరుగా పోల్చుట సరికాదు. అయినను దూరమొక్కటియే చాలదని దీనివలన గ్రహింపవచ్చును. దూరమునకు గోడయు తోడుగావలెను.

గూటిని ఎక్కడ నుంచవలెనను విషయమున చాలమంది పొరబడుదురు. పిల్లుల భయముచేత మిద్దెమీద నుంతురు. మిద్దెమీది కూతకు అడ్డమేదియు లేక నలుదెసల ఇండ్ల కిటికీలలోనికి దిగును. 2025 ఫిబ్రవరిలో కేరళదేశపు పత్తనంతిట్ట జిల్లాలో, వేకువ మూడు గంటలకే పొరుగింటి పుంజు కూయుచు నిద్ర చెఱచుచున్నదని ఒక వృద్ధుడు ఫిర్యాదు చేయగా, అడూరు రెవెన్యూ డివిజను అధికారి స్థలమును విచారించి, మేడపైనున్న గూటిని 14 దినములలో ఇంటి దక్షిణపు వైపునకు మార్చవలెనని ఉత్తరువు చేసెను. కోళ్లను తీసివేయుమనలేదు, గూటిని మార్పించెను. ఆ పని ముందే చేసినచో అధికారి రావలసిన పనియుండదు.

గూడు నేలమీద, పొరుగువారు పండుకొను గదికి దూరముగా, నడుమ తన యిల్లే అడ్డుగా నుండునట్లు కట్టుట ఉత్తమము. రేకుల గూడు పనికిరాదు. కూత దానిలో మ్రోగును, వేసవిలో అది పొయ్యి యగును. మూడు ప్రక్కల మట్టిగోడ, పైన వాసములమీద మందముగా నేసిన గడ్డికప్పు మంచివి. బరువైన గోడ ధ్వనిని ఆపును. కాని వ్రేలు దూరు సందున్నను ధ్వని అందునుండి పోవును. గాలికి విడువవలసిన రంధ్రములను పొరుగువైపునకు పెట్టక, తన పెరటివైపునకు, క్రిందను పైనను పెట్టవలెను. పొరుగువైపు గోడకు గడ్డిమోపులు పేర్చియుంచినచో మఱికొంత తగ్గును. పొరుగూరి పుంజు కనబడు వైపునకు ద్వార ముంచరాదు.

పుంజు కూయునపుడు మెడ నిక్కించి తల పైకెత్తును. ఆ యెత్తు లేకున్నచో కూత గొంతులో కొంత అణగును. కావున రాత్రివేళ పుంజును పెట్టలనుండి వేఱుచేసి ఒక చిన్న గదిలో నుంచుదురు. దాని పైకప్పు, పుంజు మామూలుగా నిలిచినపుడు తురాయికి నాలుగు వ్రేళ్ల పైన నుండవలెను. నిలుచుటకు, కూర్చుండుటకు, తిరుగుటకు తావుండవలెను. మెడ చాచుటకు మాత్రము ఉండరాదు. ఇంటింటనుండు వెదురుగంపయు కొంతవఱకు ఈ పనియే చేయును గాని దాని సందులనుండి ధ్వనియు వెలుతురును యథేచ్ఛగా పోవును. మందమైన గోనె కప్పినచో కొంత మేలు. చీకటిపడిన పిమ్మట పుంజును అందులో నుంచి, ఉదయము ఏడు గంటలకు విడువవలెను. గదిలో చీకటి యుండుటవలన తెల్లవారు వెలుతురు తగిలి కూయు కూతలు మానును. లోని గడియారము లేపు కూతలు కొన్ని మిగులును. అవియు అణగి, గోడ మఱుగున, దూరమునుండి వినబడును. పొరుగువాడు కోరునది తఱచుగా అంతమాత్రమే.

ఇందొక ప్రాణభయమున్నది, దానిని మఱువరాదు. కోళ్లకు చెమట పట్టదు. నోరు తెఱచి వగర్చుటయే వాటికి వేడి తగ్గించుకొను మార్గము. ఎండకాలపు రాత్రులలో మూసిన చిన్నగదిలో పుంజు తెల్లవారునప్పటికి చచ్చిపడియుండుట జరుగును. కావున హోళీ పండుగ మొదలు తొలకరి వానలవఱకు ఈ యేర్పాటు చేయనేరాదు. ఆ మాసములలో పొదిగించుటయు తగదనియు, పుంజు కలిసిన గుడ్లు చెడుననియు పైన చెప్పబడినది. అనగా పుంజును మూసియుంచ వీలులేని కాలముననే పుంజుతో పనియును లేదు. అప్పుడు దానిని అమ్ముటయో, పొలములోనో తోటలోనో కావలియున్నవాని యొద్ద నుంచుటయో చేసి, వానలు వెనుకబట్టిన పిమ్మట తెచ్చుకొనవచ్చును. తిరిగి వచ్చిన పుంజును రెండు మూడు వారములు పెట్టలతో కలుపక వేఱుగా నుంచి, రోగములేదని చూచి, కొక్కెర తెగులు టీకా వేయించియుండుట క్షేమము.

చేయరాని పనులు

కూత మాన్పుటకు మెడకు బిగించు పట్టీలు కొందఱు అమ్ముచున్నారు. పుంజు గొంతునకు గాలి గట్టిగా పోకుండ చేయుట వాటి పని. వ్రేలు దూరనంత బిగించినచో మేత గొంతులో ఆగి, తురాయి నల్లబడి, పుంజు ఊపిరాడక చచ్చును, వదులైనచో కూయును. నడుమ సరియైన బిగువు దినదినమునకు మారును, ఈక పెరిగినను మారును. దీనిని దినమునకు రెండుసారులు చూచుకొను ఓపిక లేనివారు దీని జోలికి పోకుండుట మేలు.

గొంతు కోయించుట, కాల్పించుట వంటి నాటువైద్యములు క్రూరములు, నిష్ప్రయోజనములు. పుంజు ధ్వని పుట్టునది మనుష్యునకువలె గొంతు పైభాగమున కాదు. ఊపిరిగొట్టము రెండుగా చీలుచోట, రొమ్ములోపల. పైన కోసి దానిని అందుకొనుట అసాధ్యము. బీజములు తీయించుటవలన కూత నిజముగా తగ్గును. కాని పుంజు బీజములు పొట్టలోపల, వీపు ఎముకకు ఆనుకొని, మూత్రపిండముల దాపున నుండును. వాటి ప్రక్కనే పెద్ద నెత్తురునాళము పోవును. మత్తుమందు లేక, పశువైద్యుడు గాక, మఱియొకడు ఆ పనికి పూనుకొనుట పుంజును చంపుటయే. చిన్నముక్క మిగిలినను కూత తిరిగి వచ్చును. పైగా అట్టి పుంజు పిల్లలు చేయుటకు పనికిరాదు. పిల్లలు అక్కరలేనివానికి పుంజే అక్కరలేదు.

పొరుగువాడు ఫిర్యాదు చేసినపుడు

ఫ్రాన్సుదేశమున 2019లో ఒలెరాన్ దీవియందలి మోరిస్ అను పుంజుపై పొరుగువారు దావా వేయగా రోష్‌ఫోర్ న్యాయస్థానము పుంజు పక్షముననే తీర్పు చెప్పెను. 2021లో పల్లెల ధ్వనులను వాసనలను ఆ ప్రదేశపు సంపదగా గుఱుతించుచు అచట చట్టమును చేసిరి. అట్టి చట్టము ఇచట లేదు. ఉన్నను, గెలిచిన దావా మరునాడు పొరుగువానితో నీళ్లు పంచుకొనుటకు సాయపడదు.

మాట వచ్చిన దినముననే పుంజును సమర్థించుటకు పూనుకొనక, ఏ వేళ కూత ఎక్కువ బాధించుచున్నదో అడిగి తెలిసికొనవలెను. మధ్యాహ్నపు కూతను గూర్చి ఫిర్యాదు చేయువారు బహుకొద్దిమంది. తెల్లవారుజాము మూడింటినుండి ఆఱింటివఱకే చిక్కు. ఆ మూడు గంటలకు తగిన యేర్పాటు చేయుట సులభము. గూటిని మార్చుట ఒక దినపు పని. రాత్రిగది కట్టుట మఱియొక దినపు పని. ఇన్ని చేసినను కూత వినబడుచున్నదని చెప్పినచో, నాలుగు దినములు తెల్లవారుజామున లేచి ఏ వేళకు ఏ దిక్కునుండి ఎన్ని కూతలు వినబడినవో గోడమీద బొగ్గుతో గీతలు గీసికొనవలెను. ఆ గీతలలో ఎన్ని తన పుంజువో, ఎన్ని మూడవ యింటి పుంజువో అప్పుడు తేలును. చాలసారులు సగముకంటె ఎక్కువ మూడవ యింటివే యగును. అప్పుడు ఆ యింటివారినికూడ పిలిచి, ముగ్గురు కలిసి ఒక పుంజును ఊరిచివర నుంచుకొని గుడ్లు పంచుకొను ఏర్పాటు చేసికొనవచ్చును.